కెమెరాకి మొహమాటం లేదు

బ్రిటిష్ టీవీ సీరీస్ ‘ది ఆఫీస్’ మొదటి ఎపిసోడ్ చివర్లో ఒక సీన్ ఉంది. లండన్‌కి పడమరగా స్లౌ అనే ఊళ్లో ఒక పేపర్ కంపెనీ బ్రాంచికి డేవిడ్ బ్రెంట్ మేనేజరు. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాణ్ణి తన గదిలో కూర్చోబెట్టుకుని, తనెంత సరదా మనిషో చూపిద్దామని రిసెప్షనిస్టు డాన్‌ని లోపలికి పిలుస్తాడు. ఆఫీసు పోస్ట్-ఇట్ కాగితాలు దొంగిలించావు కాబట్టి నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నానంటాడు. నవ్వకుండా అంటాడు. ఆమె ముందు నమ్మదు. కాసేపటికి నమ్ముతుంది. ఏడ్చేస్తుంది. అప్పుడు బ్రెంట్ ఇదంతా జోకేనంటాడు. ఆమె ఓ తిట్టు తిట్టి వెళ్లిపోతుంది. కొత్త కుర్రాడు మాత్రం కుర్చీలో బిగుసుకుపోయి ఉంటాడు.

మొదటిసారి నేను ఈ సీన్ పూర్తిగా చూడలేదు. ఆమె గొంతు వణకడం మొదలవగానే పాజ్ నొక్కి, మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లాను. పక్కన కూర్చున్న మా తమ్ముడు పడీ పడీ నవ్వుతున్నాడు. “అక్కా, అది కామెడీ. నవ్వాలి,” అన్నాడు. ఒకే ఇంట్లో, ఒకే అమ్మానాన్నల దగ్గర, ఒకే సినిమాలు చూసి పెరిగినవాళ్లం. వాడికి నవ్వొచ్చిన చోట నాకు ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టు ఎందుకయింది?

ఇలాంటివి చూడలేమన్న ప్రతివాళ్లకీ ఎదురయ్యే జవాబొకటుంది. నీకు హాస్యం తెలీదు, లేదా నువ్వు మరీ సుకుమారం. ఈ జవాబు తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. బ్రహ్మానందం సీన్లకి కళ్లనీళ్లొచ్చేలా నవ్వేవాళ్లే డేవిడ్ బ్రెంట్ దగ్గర ముడుచుకుపోవడం నేను చూశాను. వాళ్లలో లేనిదేదో కాదు, ఉన్నదేదో అడ్డుపడుతోంది. అదేమిటో విప్పి చూడాలి. పైగా ఇందులో రెండు చిక్కుముళ్లు ఒకదానిలో ఒకటి పడిపోయి ఉన్నాయి. ఒకటి సిగ్గు, రెండోది అయిష్టం. ‘ఆ షో నేను చూడలేను’ అన్న ఒక్క మాటలో ఈ రెండూ కలిసిపోవడం వల్లే ఎంత వాదించుకున్నా తేలదు.

ముందు సిగ్గు సంగతి. ఈ రకం హాస్యానికి క్రింజ్ కామెడీ అని పేరు. ఇప్పుడు మన పిల్లలు నచ్చని పాటకీ, రీల్‌కీ కూడా ‘క్రింజ్’ అనేస్తున్నారు గానీ, ఆ మాటకి అసలు అర్థం ఒళ్లు ముడుచుకుపోవడం. పరువు పోతున్నది ఇంకొకరిది, ముడుచుకుపోయేది మనం. జర్మన్ భాషలో దీనికి ‘ఫ్రెమ్ట్‌షేమెన్’ అని ఒకే మాట ఉంది, పరాయివాడి తరఫున సిగ్గుపడడం. 2010లో ఆస్ట్రియాలో ఆ ఏటి పదంగా దాన్నే ఎంచుకున్నారు. మనకి ఒక్క పదం లేదు గానీ అంతకంటే మంచి నుడికారం ఉంది: తల కొట్టేసినట్టయింది. నోరు జారింది వాడు, తల తెగింది మనకి. అయితే ఈ మాటని మనం సాధారణంగా మనవాళ్ల విషయంలోనే వాడతాం. కొడుకో, తమ్ముడో, కనీసం మన ఊరివాడో అయుండాలి. స్లౌలో పేపర్ కంపెనీ మేనేజరు మనకేమవుతాడు? వాడి పరువు పోతే మన తలెందుకు తెగాలి?

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నని పట్టించుకున్నారు. 1987లో రోలండ్ మిల్లర్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఒకరు ఇబ్బందిపడే పనులు చేస్తుంటే చూస్తున్న అపరిచితులకీ ఇబ్బందిగా అనిపిస్తుందని ప్రయోగం చేసి చూపించాడు. 2011లో జర్మనీలో సోరెన్ క్రాఖ్, ఫ్రీడర్ పౌలుస్ తదితరులు ఇంకో అడుగు ముందుకేశారు. నలుగురిలో నగుబాటయ్యే సందర్భాల్ని బొమ్మలుగా గీసి చూపించి, చూస్తున్నవాళ్ల మెదళ్లని స్కాన్ చేశారు. ఎదుటివాడికి దెబ్బ తగిలినప్పుడు మనలో స్పందించే ఇన్సులా, సింగ్యులేట్ భాగాలే ఇక్కడా స్పందించాయి. మెదడులో ఒక భాగం వెలిగినంత మాత్రాన అంతా తేలిపోయిందని కాదు, ఆ భాగాలు ఇంకా చాలా పనులు చేస్తాయి. కానీ ఆ పరిశోధనలో నాకు ముఖ్యమనిపించిన సంగతి వేరే ఉంది. బురదలో జారిపడినవాడికి తను నవ్వులపాలయ్యానని తెలుసు. ప్యాంటు జిప్పు తెరుచుకునే తిరుగుతున్నవాడికి తెలీదు. రెండోవాడి విషయంలోనూ చూసేవాళ్లు సిగ్గుపడ్డారు. అంటే మనం అతని సిగ్గుని పంచుకోవడం లేదు, పంచుకోవడానికి అతని దగ్గర సిగ్గు అనేదే లేదు. అతను పడాల్సిన సిగ్గంతా మనమే పడుతున్నాం.

క్రింజ్ కామెడీ బతికేది ఈ రెండోవాడి మీద. తనెవరో తను అనుకునేదానికీ, నలుగురికీ కనిపించేదానికీ మధ్య ఉన్న అగాధం అతనికి తప్ప అందరికీ కనిపించాలి. బ్రెంట్ తనని తాను మేనేజరు కంటే ముందు స్నేహితుడిననీ, అంతకంటే ముందు కమెడియన్‌ననీ అనుకుంటాడు. మన గిరీశాన్ని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ‘కన్యాశుల్కం’లో గిరీశం చేసేవన్నీ మోసాలే. అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో ఇంగ్లీషు ముక్కలతో గొప్పలు పోతాడు, వితంతువైన పిల్ల మీద కన్నేస్తాడు. అయినా గిరీశాన్ని చూసి మనకి తల కొట్టేసినట్టు ఉండదు. ఎందుకంటే తను కోతలు కోస్తున్నానని గిరీశానికి తెలుసు. ఆ తెలివిడి వల్ల అతని పక్కన నిలబడి చూడొచ్చు, వీడెంత గడుసువాడో అనుకుంటూ నవ్వొచ్చు. బారిష్టరు పార్వతీశానిది ఇంకో దారి. ఆడవాళ్ల టోపీ కొనుక్కుని తలకెత్తుకున్న అమాయకుడు, కథ చెప్పేనాటికి ఆ అమాయకత్వం దాటి వచ్చేశాడు. తన మీద తనే నవ్వుతూ చెబుతున్నాడు కాబట్టి మనం వాడి కోసం భయపడక్కర్లేదు. బ్రెంట్‌కి గిరీశం గడుసుతనమూ లేదు, పార్వతీశం వెనుచూపూ లేదు. ఆ ఖాళీని మనం నింపాలి.

అయితే ఆ ఇబ్బంది ఒక్క బ్రెంట్ వల్లే కాదు. నా లెక్కలో అసలు సంగతి ఆ గదిలో కూర్చున్న మిగతావాళ్లలో ఉంది.

రెండేళ్ల కిందట మా చుట్టాలింటి రిసెప్షన్‌కి వెళ్లాను. పాటలవాళ్లు భోజనాలకి దిగినప్పుడు పెళ్లికూతురి మేనమామ స్టేజీ ఎక్కి మైకు అందుకున్నారు. ఒక పాత పాట పాడారు. శ్రుతి కుదరలేదు. కీబోర్డు దగ్గర మిగిలిన కుర్రాడు ఆయన వెంట పరిగెత్తి కలపబోయి, చరణంలో చేతులు తీసేశాడు. రెండో పాటయింది, మూడోదీ అయింది. నాలుగోదానికి ముందు ఆయనకి పెళ్లికూతురి చిన్నతనం గుర్తొచ్చింది. ఆరేళ్లొచ్చేదాకా ఆ పిల్ల పక్క తడిపేదనీ, దుప్పట్లు ఎండేసేది తనేననీ, అత్తింటివాళ్లు ముందు వరసలో కూర్చుని ఉండగా ప్రేమగా చెప్పుకొచ్చారు. నిజంగా ప్రేమగానే. హాల్లో మూడొందలమందిమి ఉన్నాం. మేమేం చేశాం? ప్లేట్లలోకి చూసుకున్నాం. నాకు పరిచయం లేని పక్కావిడ, “గుత్తొంకాయ వేసుకున్నారా, బావుంది,” అంది. నా ప్లేట్లో గుత్తొంకాయే ఉంది, ఆవిడకీ కనిపిస్తూనే ఉంది. “వేసుకున్నానండీ, బావుంది,” అన్నాను.

ఆ క్షణంలో మేమంతా కలిసి చేసిన పనికి తెలుగులో చక్కటి పేరుంది. చూసీ చూడనట్టు ఊరుకోవడం. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజశాస్త్రవేత్త 1950ల నుంచీ రాసిందంతా దాదాపు దీని గురించే. నలుగురు కూడిన చోట ప్రతి ఒక్కరి ‘మొహం’ మిగతా అందరి చేతుల్లో ఉంటుందనీ, ఒకడి మొహం జారిపోబోతే తక్కినవాళ్లు తెలియకుండానే దాన్ని పట్టుకుంటారనీ ఆయన చూపించాడు. మాట మారుస్తారు, విననట్టు ఉంటారు, చూపు తిప్పుకుంటారు. మనం దీన్ని చిన్నప్పటి నుంచీ మొహమాటం అన్న పేరుతో నేర్చుకుంటాం. మొహమాటాన్ని బలహీనతగా తిట్టుకుంటాం గానీ, ఒక మనిషి నలుగురిలో పలచనైపోకుండా కాపాడేదీ అదే.

ఇప్పుడు ఆ రిసెప్షన్‌లో మొహమాటపడనిది ఒకటుంది. స్టేజీకి రెండువైపులా ఎల్‌ఈడీ తెరలు పెట్టారు. వీడియో తీసే కుర్రాడు తన పని తను చేస్తున్నాడు. మేనమామగారి మొహాన్ని దగ్గరగా తెచ్చాడు, చెమట చుక్కలతో సహా. తర్వాత కెమెరా తిప్పి ఆయన కూతుర్ని పట్టాడు. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్ల, చేతిలో ఐస్‌క్రీం కప్పు. తినడం లేదు. చెంచాతో తిప్పుతూనే ఉంది, లోపలంతా నీళ్లయిపోయింది. తలెత్తేసరికి తెర మీద నిలువెత్తున తన మొహమే కనిపించింది. ఆ కప్పుని కుర్చీ కింద పెట్టి ఆ పిల్ల బయటికి వెళ్లిపోవడం నేనిప్పటికీ మరిచిపోలేదు. ఆ సాయంత్రం అందరం చూపు తిప్పుకున్నా, కెమెరా తిప్పుకోలేదు.

‘ది ఆఫీస్’ తీసినవాళ్లు, అంటే రికీ జెర్వేస్, స్టీఫెన్ మర్చంట్, 2001లో సరిగ్గా ఈ కిటుకే పట్టారు. ఆ సీరీస్ మొత్తం ఒక డాక్యుమెంటరీ బృందం ఆఫీసులో తిరుగుతూ తీసినట్టు ఉంటుంది. మామూలు సినిమాలో కెమెరా ఉందన్న సంగతి పాత్రలకి తెలీదు. ఇక్కడ తెలుసు. బ్రెంట్ కెమెరా కోసమే రెచ్చిపోతాడు. మిగతావాళ్లు ఒక్క క్షణం లెన్సు వైపు చూసి చూపు దించుకుంటారు. మర్యాద ఉన్న మనిషి తల తిప్పుకునే క్షణంలో ఆ కెమెరా ఇంకాస్త దగ్గరికి జరుగుతుంది. ఆ కెమెరా కళ్లే మన కళ్లు. గుత్తొంకాయ గురించి మాట్లాడడానికి పక్కన ఎవరూ లేరు, చూసుకోవడానికి ప్లేటు లేదు. జీవితమంతా నేర్చుకున్న మర్యాదని ఆ అరగంట సేపు పక్కన పెట్టమంటోంది షో. కొందరు పెట్టగలరు. కొందరికి చెయ్యి దానంతటదే పాజ్ మీదికి వెళ్తుంది.

ఇక్కడొక సందేహం వస్తుంది. దుఃఖాన్ని గంటల తరబడి చూడగలమే, మరి సిగ్గుని ఎందుకు చూడలేం? హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూసి ఏడ్చి, మర్నాడు మళ్లీ వెళ్లి చూసిన ఊళ్లు మనవి. కరుణ రసమైంది, ఇది ఎందుకు కాలేదు? నాకు తోచిన కారణం ఇది. హరిశ్చంద్రుణ్ణి నేను చూడడం వల్ల అతని దుఃఖం పెరగదు. కానీ సిగ్గు అనేదే ఒకరు చూడడం వల్ల పుట్టేది. చూసేవాళ్లు లేకపోతే నగుబాటు లేదు. కాబట్టి నవ్వులపాలవుతున్న మనిషిని చూస్తూ కూర్చున్న నేను ఆ దెబ్బకి బయట లేను, అందులో నాదీ ఒక చెయ్యి ఉంది. మొహానికి దిండు అడ్డం పెట్టుకునేది నన్ను కాపాడుకోవడానికని అనుకుంటాను గానీ, నిజానికి తెర మీది మనిషిని చూడకుండా వదిలేయడానికి కూడా. తెరకి ఇవతలి నుంచి అలా చేసి లాభం లేదని బుర్రకి తెలిసినా ఒంటికి తెలీదు.

పాత హాస్య సీరియళ్లలో ఈ బరువుని ఇంకెవరో మోసేవారు. బీబీసీలో 1975, 1979ల్లో వచ్చిన ‘ఫాల్టీ టవర్స్’ తీసుకోండి. ఉన్నవి 12 ఎపిసోడ్లే. హోటలు యజమాని బాసిల్ ఫాల్టీ అతిథుల్ని అవమానిస్తాడు, సర్వరుని కొడతాడు, పెళ్లాం దగ్గర అబద్ధాలాడతాడు. బ్రెంట్ కంటే ఏ రకంగానూ మంచివాడు కాదు. అయినా దాన్ని సులువుగా చూస్తాం. అది స్టూడియోలో జనం ముందు తీసింది, వాళ్ల నవ్వులు వినిపిస్తుంటాయి. ఆ నవ్వు మనకొక అనుమతి, ఎవరికీ ఏమీ కాలేదులే అన్న భరోసా. పైగా వేగం. ఒక అవమానం మీద నిలబడే లోపు మరో తలుపు తెరుచుకుంటుంది. మన సినిమా కామెడీ ట్రాకుల్లో చెంపదెబ్బ పడగానే వచ్చే ఆ వింత చప్పుడూ, నేపథ్య సంగీతమూ చేసే పని అదే. ‘ది ఆఫీస్’ ఆ నవ్వుల్ని తీసేసింది, వేగాన్ని తీసేసింది. జోకు పడిన తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని మాత్రం కోయకుండా ఉంచింది. బ్రెంట్ ఏదో అంటాడు. ఎవరూ నవ్వరు. ఫ్యాను చప్పుడో, ఫొటోకాపీ మిషను చప్పుడో వినిపిస్తుంది. రెండు సెకన్లు, మూడు, నాలుగు. ఆ సెకన్లని నింపాల్సింది మనం.

సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసే మనలాంటివాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడగా వినలేదు. మాట తెర మీద ముందే పడుతుంది, మనిషి నోట్లోంచి తర్వాత వస్తుంది. బ్రెంట్ అనబోయే ఘోరమైన మాట మనం చదివేశాం, అతను ఇంకా నోరు తెరుస్తున్నాడు. ఆ అర సెకనులో ‘వద్దు, అనకు’ అని లోపల ఒకటి అరుస్తుంది. నాకైతే సబ్‌టైటిల్స్ తీసేసి చూసినప్పుడు కొంత తెరిపిగా ఉంది, నాలుగు మాటలు అర్థం కాకపోయినా సరే.

ఇక రెండో ముడి, అయిష్టం. దీనికి సిగ్గుతో సంబంధం లేదు. 1990ల అమెరికాని ఊపేసిన ‘సైన్‌ఫెల్డ్’లో నలుగురు స్నేహితులుంటారు. నలుగురూ స్వార్థపరులు, ఎవరి మీదా జాలి లేనివాళ్లు. కౌగిలింతలు వద్దు, ఎవరూ ఏ పాఠమూ నేర్చుకోకూడదు అన్నది ఆ రచయితలు పెట్టుకున్న నియమం. స్టూడియో నవ్వులున్నాయి కాబట్టి తొమ్మిది సీజన్ల పాటు జనం దాన్ని హాయిగా చూశారు. 1998 మే 14న వచ్చిన చివరి ఎపిసోడ్లో, ఒక మనిషిని దోచుకుంటుంటే ఆపకపోగా నవ్వుతూ వీడియో తీశారని ఆ నలుగుర్నీ కోర్టుకి ఈడుస్తారు. ఇన్నేళ్లలో వాళ్ల వల్ల నష్టపోయినవాళ్లంతా ఒక్కొక్కరే బోనెక్కి సాక్ష్యం చెబుతారు. 7 కోట్ల 60 లక్షలమంది దాకా చూసిన ఆ ఎపిసోడ్ చాలామందికి మింగుడుపడలేదు. నాకు మాత్రం అది చాలా నిజాయితీ గల ముగింపు అనిపిస్తుంది. నవ్వుల చాటున ఇన్నాళ్లూ పక్కకి తోసేసిన మనుషుల్ని తీసుకొచ్చి కళ్లముందు నిలబెట్టింది. మనం ఇన్నాళ్లూ ఎవరి పక్కన నిలబడ్డామో అడిగింది.

ఆ ఎపిసోడ్ రాసిన లారీ డేవిడ్ 2000లో ‘కర్బ్ యువర్ ఎంథూసియాజమ్’ మొదలుపెట్టాడు. తన పేరుతోనే, తన వేషమే వేసుకుని, 2024 దాకా 12 సీజన్లు నడిపాడు. కథ రాసి పెట్టుకుంటారు గానీ మాటలు నటులు అప్పటికప్పుడు అల్లుకునేవే, అందుకే ఆ గొడవలు మన పక్కింట్లో జరుగుతున్నట్టు ఉంటాయి. ఇందులో లారీ మొహమాటం లేని మనిషి. దారిలో తెలిసినవాడు కనిపిస్తే ఆగి కుశలం అడగడం ఎందుకంటాడు. హాలోవీన్ రాత్రి వేషం వేసుకోకుండా వచ్చిన టీనేజీ అమ్మాయిలకి చాక్లెట్లు ఇవ్వనంటాడు. ఆలోచిస్తే న్యాయం చాలాసార్లు అతనివైపే ఉంటుంది. కానీ ఒక చాక్లెట్ పడేసి తలుపు వేసుకునే చోట న్యాయం మాట్లాడతాడు. బ్రెంట్‌కి తనెలా కనిపిస్తున్నాడో తెలీదు. లారీకి తెలుసు, లెక్కలేదు. బ్రెంట్‌ని చూడలేనివాళ్లలో కొందరు లారీని చూడగలగడానికి కారణం ఈ తేడానే. సిగ్గు మోయాల్సిన పని లేదు, గొడవకి ఎదురుచూడడమే. ఆ గొడవే భరించలేనివాళ్లకి లారీ ఇంకా కష్టం.

ఇంకా కిందికి దిగితే, 2005 నుంచి నడుస్తున్న ‘ఇట్స్ ఆల్వేస్ సన్నీ ఇన్ ఫిలడెల్ఫియా’ ఉంది. బార్ నడిపే ఐదుగురు, ఒకర్ని మించి ఒకరు దుర్మార్గులు. వాళ్లకి చిన్నప్పుడు తెలిసిన ఒకతను క్రైస్తవ మతాచార్యుడిగా మొదటిసారి కనిపిస్తాడు. వీళ్ల చేతుల్లో పడి ఆ వృత్తి వదులుతాడు, వీధిన పడతాడు, చివరికి ఒళ్లు కాలి గుర్తుపట్టలేనట్టు అయిపోతాడు. ఆ ఐదుగురికీ ఏమీ కాదు. డాల్ఫ్ జిల్‌మన్ అనే పరిశోధకుడు 1970ల్లో ఒక మాట చెప్పాడు: మనకి నచ్చనివాడికి దెబ్బ తగిలితే నవ్వుతాం, నచ్చినవాడికి తగిలితే నవ్వలేం. ఈ లెక్కన దుష్టపాత్ర ఉన్న కామెడీలో వాడికి శాస్తి జరగాలి, అప్పుడే చూసేవాడికి ఊరట. ఈ షో దాన్ని ఇవ్వదు. అందుకని కొందరు ఆ ఐదుగుర్నీ చూసి నవ్వగలరు, మాలాంటివాళ్లు మాత్రం కాలిపోయిన అతని దగ్గరే ఆగిపోతారు. ఇది సిగ్గు కాదు, కోపం. రెండూ పాజ్ బటన్ మీదికే తీసుకెళ్తాయి గానీ, వేరే దారుల్లో.

ఎవరి పక్కన ఆగిపోతాం అన్నదే రెండు ముళ్లలోనూ ఉన్న ఒకే దారం. డాన్‌ని ఏడిపించిన సీన్లో మా తమ్ముడు బ్రెంట్‌ని చూస్తున్నాడు. వాడి దృష్టిలో అది ఒక మూర్ఖుడి కథ, మూర్ఖుడు బోర్లాపడ్డాడు, నవ్వాడు. నేను డాన్‌ని, కుర్చీలోంచి లేవలేని ఆ కుర్రాణ్ణి చూస్తున్నాను. నా మొదటి ఉద్యోగంలో నాకూ ఒక పైఅధికారి ఉండేవాడు, మీటింగులో ఎవరో ఒకర్ని లేపి నిలబెట్టి సరదాగా ఆటపట్టించేవాడు. అందరం నవ్వేవాళ్లం. నవ్వకపోతే మర్నాడు లేవాల్సింది మనమే. ఆ గదిలో కూర్చున్నవాళ్లకి ఆ సీన్ కామెడీగా కనబడడానికి చాలా దూరం కావాలి. ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ 1900లో నవ్వు గురించి రాస్తూ, నవ్వాలంటే గుండెకి కాసేపు మత్తుమందు ఇవ్వాలన్నాడు. ఆ మత్తు ఎవరికి ఎక్కుతుంది, ఎవరికి ఎక్కదు అన్నది వాళ్లు అంతకుముందు ఏ కుర్చీలో కూర్చున్నారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

ఇది మారుతుంది కూడా. మా తమ్ముడు తర్వాత టీమ్ లీడ్ అయ్యాడు. కంపెనీ మనుషుల్ని తగ్గించుకున్న ఏడాది, తన టీమ్‌లో ఇద్దరికి ఆ మాట చెప్పే కాల్‌లో వాడూ కూర్చోవాల్సి వచ్చింది. కెమెరాలు ఆన్ చేసి ఉంచాలని నియమం. ఒకతను చివరిదాకా ‘ఓకే, ఓకే’ అంటూనే ఉన్నాడట. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఏదో వెతుకుతుంటే ఆ పాత ఎపిసోడే వచ్చింది. డాన్ గదిలోకి వచ్చే ముందు వాడు ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. నేనేం అడగలేదు.

అలాగని నేను ఈ షోల మీద ఫిర్యాదు చేయడం లేదు. బ్రిటిష్ ‘ది ఆఫీస్’ని నేను చూసిన గొప్ప పనుల్లో ఒకటిగా లెక్కపెడతాను. మొత్తం 14 ఎపిసోడ్లు. రెండో సీజన్‌లో, విరాళాల సేకరణ కోసం ఉష్ట్రపక్షి వేషం వేసుకున్న రోజునే బ్రెంట్‌కి ఉద్యోగం పోయిందని చెబుతారు. పక్షి మెడ వేలాడుతుండగా ఆ మాట వింటాడు. తర్వాతి ఎపిసోడ్లో పైవాళ్ల ముందు నిలబడి, తీసేయొద్దని బతిమాలతాడు. కళ్లలో నీళ్లు, గొంతు పూడుకుపోయింది. మొదటి ఎపిసోడ్లో ఇదే మనిషి ఒకమ్మాయిని సరదాకి ఇలాగే ఏడిపించాడు. ఇక్కడ తొలిసారిగా బ్రెంట్‌కి తనెలా కనిపిస్తున్నాడో తెలిసింది. ఆ అగాధం మూసుకుపోయింది. చిత్రంగా, అంతదాకా వేళ్ల సందుల్లోంచి చూసిన నేను ఈ సీన్‌ని కళ్లు తిప్పకుండా చూడగలిగాను. అతని సిగ్గుని అతను పడుతున్నాడు, నా మీద బరువు దిగింది. మిగిలింది జాలి. జాలిని చూడడం మనకి వచ్చు.

2005లో ఎన్‌బీసీ ఈ కథని అమెరికాకి తెచ్చినప్పుడు మొదటి ఎపిసోడ్‌ని దాదాపు ఉన్నదున్నట్టు తీశారు. మేనేజరు మైకేల్ స్కాట్‌గా స్టీవ్ కరెల్ అచ్చం బ్రెంట్‌లాగే చిరాకు పుట్టిస్తాడు. ఆరు ఎపిసోడ్ల ఆ సీజన్‌కి అంతగా ఆదరణ రాలేదు. రెండో సీజన్ నుంచి రచయితలు అతన్ని మార్చారు. తెలివితక్కువతనం ఉంచారు గానీ, లోపల పసిపిల్లాడిలాంటి ఒంటరితనం పెట్టారు, అమ్మకాల్లో నిజంగా గట్టివాడని చూపించారు. పక్కనున్నవాళ్లకి అతని మీద విసుగుతో పాటు కాస్త ప్రేమా ఉంటుంది. వాళ్లు క్షమిస్తున్నారు కాబట్టి మనమూ క్షమిస్తాం. అలా 201 ఎపిసోడ్లు నడిచింది. 201 ఎపిసోడ్ల పాటు బ్రెంట్‌తో ఎవరూ బతకలేరు.

ఈ రకం షోలు మొదలుపెట్టాలని ఉండి, భయపడుతున్నవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. అమెరికన్ ‘ఆఫీస్’ రెండో సీజన్ నుంచి చూడండి, మొదటిది తర్వాత చూడొచ్చు. ఒంటరిగా కాకుండా ఎవరితోనైనా కలిసి చూడండి, పక్కన ఒక మనిషి ఉంటే చూపు కలపడానికి చోటు దొరుకుతుంది. ఒక సీన్ మధ్యలో ఆపి కాసేపాగి మళ్లీ మొదలుపెట్టడంలో తప్పేం లేదు, ఆ నిశ్శబ్దం ఎంతసేపుండాలో నిర్ణయించే హక్కు అప్పుడు మీ చేతిలోకి వస్తుంది. మనుషుల్ని పాడుచేసి తిరిగే కథలు పడకపోతే వాటి జోలికి వెళ్లకండి, మీకు పడనిది హాస్యం కాదు, ఆ కథ మిమ్మల్ని నిలబడమంటున్న చోటు. బ్రిటిష్ ‘ఆఫీస్’ని చివరికి ఉంచుకోండి, మొదలుపెడితే మాత్రం రెండో సీజన్ చివరిదాకా వెళ్లండి.

అమెరికన్ దాంట్లో ఆరో సీజన్‌లో, 2009 డిసెంబరులో వచ్చిన ‘స్కాట్స్ టాట్స్’ అనే ఎపిసోడ్ ఒకటుంది. పదేళ్ల కిందట మైకేల్ మూడో తరగతి పిల్లలకి, మీరు స్కూలు పూర్తిచేస్తే కాలేజీ ఫీజులు నేను కడతానని మాటిచ్చాడు. ఆ పిల్లలు ఇప్పుడు పన్నెండో తరగతి పూర్తిచేయబోతున్నారు. అతని దగ్గర డబ్బు లేదు. ఆ సంగతి చెప్పడానికే క్లాసుకి వెళ్తాడు. పిల్లలు అతని కోసం పాటా డాన్సూ నేర్చుకుని సిద్ధంగా ఉన్నారు, ఒక్కొక్కరి మొహం వెలిగిపోతోంది. చివరికి ఏం జరుగుతుందో నాకు తెలుసు, ఫీజులకి బదులు ల్యాప్‌టాప్ బ్యాటరీలు చేతిలో పెడతాడనీ తెలుసు. మూడుసార్లు పెట్టాను. పిల్లలు పాట అందుకోగానే ఆపేశాను.